పేరు కిరాయి

బజారుకు కులం లేదని చెప్పేటోళ్ళు ఈమధ్య బాగా పెరిగిపోయిన్రు. ఊరికి కులం ఉంటదట. గుడికి ఉంటదట. బావికి, కాటికి ఉంటదట. బజారుకు మాత్రం లేదట. రూపాయికి రంగు లేదు, వాసన లేదు, ఎవని చేతిలో ఉంటే వాడే దొర అంటరు. 1991 తర్వాత కాలేజీల్లో చదివిన పిల్లలకు ఇదే పాఠం. మనవాళ్ళలో చదువుకున్న కొందరు కూడా ఈ పాఠాన్ని నమ్మి, ఉద్యోగాల కోసం కొట్లాడింది చాలు, ఇక వ్యాపారంలోకి నడువుండ్రి అంటున్నరు. 2005లో దళిత పారిశ్రామికవేత్తలకు డిక్కీ అని ఒక ఛాంబరు కూడా పుట్టింది. మంచిదే. నేను వ్యాపారానికి అడ్డం కాదు. కాని వ్యాపారంలోకి నడవాలంటే ముందు ఒక గడప దాటాలె. ఆ గడప సంగతి ఎవరూ చెప్తలేరు. నేను చెప్త.

దుకాణం పెట్టుకునే గదిని మా దిక్కు మడిగె అంటం. హైదరాబాదులో మల్గీ అంటరు. ఇప్పుడు అందరూ షెటర్ అంటున్నరు. మూడింటిలో నాకు మడిగె అన్న మాటే సరిగ్గా కనబడుతది. ఎందుకంటే ఆ మాటలోనే మడి ఉన్నది. పండితులు ఈ వ్యుత్పత్తిని ఒప్పుకోకపోవచ్చు. వాళ్ళెవరూ మా ఇంటిపేరుతో మడిగె అడగబోయినోళ్ళు కాదు.

నేను సర్కారు బడి పంతుల్ని. 2012 డీఎస్సీలో కొలువు దొరికింది. మా ఇంట్ల డిగ్రీ పట్టా చేతబట్టింది నేనే మొదలు. నాకంటే ముందు మావాళ్ళు చేతబట్టినవి ఆరె, రంపె, కొడవలి. మా నాయిన హన్మకొండలో ఒక చౌరస్తా కాడ గోనెసంచి పరుచుకొని ముప్పై ఏండ్లు చెప్పులు కుట్టిండు. ఆయన వెనక వరుసగా మడిగెలుండేవి. ఎండ నెత్తికెక్కినప్పుడు వాటి రేకుల నీడ ఆయన మీద పడేది. ముప్పై ఏండ్లలో ఆ మడిగెల నుంచి మా నాయినకు దొరికింది ఆ నీడ ఒక్కటే. దానికి కూడా రోజూ పొద్దున ఆ అరుగులు ఊడ్చి కిరాయి చెల్లించిండు.

మా తమ్ముడు ఇంటర్ కాడ ఆగి పట్నం పోయిండు. హోటల్ల గిన్నెలు కడుగుడుతో మొదలుపెట్టి, కూరగాయలు కోసి, మెల్లగ పొయ్యి కాడికి వచ్చి, ఎనిమిదేండ్లకు వంట మాస్టరయిండు. రెండొందల మందికి బిర్యానీ చేతిలెక్కతో దించుతడు. 2020లో కరోనాకు హోటల్ మూతపడితే ఇంటికొచ్చిండు. తర్వాత పెండ్లిళ్ళకు, దావతులకు వండి పైసా పైసా కూడబెట్టిండు. కర్రీ పాయింట్ పెడ్తనన్నడు. తను వండుతడు, మా మరదలు గల్లా మీద కూసుంటది. సర్కారు నౌకరి చేసేటోడు వ్యాపారం చేయొద్దని 1964 ప్రవర్తనా నియమాలు చెప్తయి కాబట్టి నాకు అందుల వాటా లేదు. నా పని జామీను నిలబడుడు, కాయితాలు చదివి చెప్పుడు.

జాగ ఎక్కడన్నది వాడు నాకంటే బాగ లెక్కగట్టిండు. బీదోళ్ళ వాడలో కర్రీ పాయింట్ నడవదు. బీదోడు ఇంట్లనే వండుకుంటడు. అది నడిచేది మొగడు పెండ్లాం ఇద్దరూ కొలువు చేసే కాడ, పిల్లలు అమెరికా పోయి ముసలోళ్ళిద్దరే మిగిలిన కాడ. అటువంటి కాలనీ ఒకటి చూసినం. డాక్టర్లు, ప్రొఫెసర్లు, పెద్ద కాంట్రాక్టర్లు ఉంటరు. దాని నడుమ మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు. కింద సూపర్ మార్కెట్టు, మందుల దుకాణం, కేకుల దుకాణం, రక్తపరీక్షల సెంటరు, బొటిక్కు. మూలకు ఒక షెటరు ఖాళీ. దాని మీద టులెట్ బోర్డు.

విద్యార్థులు ఈ లెక్క కూడా తెలుసుకోవాలె. ఓనరు 360 ఎస్సెఫ్టీ అన్నడు. టేపు పెట్టి కొలిస్తే లోపల 270. తక్కిన 90 మెట్లల్ల, వరండాల మన వాటా అట. ఎస్సెఫ్టీకి 50 రూపాయల లెక్కన నెలకు 18,000. మెయింటెనెన్సు వేరే. పది నెలల కిరాయి అడ్వాన్సు, అంటే 1,80,000. యేటా నూటికి ఐదు పెంపు. కిరాయినామా మాత్రం పదకొండు నెలలకే. ఎందుకు పదకొండు? ఏడాది దాటిన కిరాయినామాను 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలె. రిజిస్టరు చేస్తే కిరాయికున్నోనికి కాయితం బలం వస్తది. పదకొండు నెలలైతే పన్నెండో నెల ఓనరు దయ. పొయ్యిలకు, చిమ్నీకి, ఫ్రిజ్జుకు, బోర్డుకు లక్షలు పోసినోడు పదకొండు నెలలకొకసారి ఓనరు ముఖం చూడాలె. ఈ కష్టం కిరాయిదారులందరిదీ. ఇందుల కులం లేదు, ఒప్పుకుంట. కులం దీనికంటే ముందే గడపల నిలబడి ఉన్నది. మేము ఈ కష్టం దాకా కూడా పోలేదు.

మొదటిరోజు మర్యాదకు కొదువ లేదు. ఓనరు రిటైరయిన పెద్ద ఆఫీసరు. నేను టీచర్ననంగనే చాయ్ తెప్పించిండు. "గురువులు సార్ మీరు" అన్నడు. నా జీతం కాయితం చూసి తల ఊపిండు. పదివేలు టోకెన్ తీసుకున్నడు. తర్వాత మా తమ్ముని ఆధార్ కార్డు చేతికి తీసుకున్నడు. ఆధార్ మీద ఇంటిపేరు ఉంటది, ఊరి పేరు ఉంటది. ఏ వాడనో ఉండదు. ఆ ఉండని దానికోసం ఎతుకులాట మొదలైంది.

"మీ ఊరి పటేలు మాకు సుట్టమే సార్. మీ ఇల్లు ఆళ్ళింటికి ఎటు దిక్కు?"

"ఊరి బయటికి సార్. చెరువుకట్ట కింద."

"అట్లనా? కట్ట కిందనా?"

అంతే. ఆయన ముఖంల ఏమీ మారలేదు. చాయ్ తాగమని ఇంకోసారి అన్నడు కూడ. కండ్లు మాత్రం మా తమ్ముని చేతుల మీదికి పోయినయి. వంట చేసే చేతులు. ఆయనింటి కప్పు పట్టుకున్న చేతులు.

మూడోనాడు ఫోనొచ్చింది. "నాకైతే ఏ పట్టింపులు లేవు సార్. మా పెద్దోడు అమెరికా నుంచి ఫోన్ చేసి నాన్‌వెజ్‌కు ఇయ్యొద్దన్నడు." అదే కాంప్లెక్సు పై అంతస్తుల కోడి వేపుడు అమ్ముతున్నరు కద అన్న. "అది కంపెనీది కద సార్" అన్నడు. టోకెన్ పదివేలు తెల్ల కవరుల పెట్టి వాచ్‌మన్‌తో పంపిండు. వాచ్‌మన్ మావాడే. కవరు చేతికిచ్చి తల దించుకున్నడు. తల దించుకోవలసినోడు ఫోను పెట్టేసి లోపల కూసున్నడు.

రెండో కాంప్లెక్సు కాడ అసోసియేషన్ ఒప్పుకోదన్నరు. మూడోచోట వాస్తు అడ్డమొచ్చింది. షెటరు ఆగ్నేయం మూలకు ఉన్నది, అక్కడ పొయ్యి కుదరదట. ఆగ్నేయంల కాక పొయ్యి ఇంకెక్కడ కుదురుతదో వాస్తు తెలిసినోళ్ళే చెప్పాలె. నాలుగోచోట మళ్ళ ఫోనే ఎత్తలేదు. ఎవరూ తిట్టలేదు. మాదిగోడని ఎవరూ అనలేదు. అందరూ 'సార్' అనే అన్నరు.

అప్పుడు బ్రోకరు అసలు ధర చెప్పిండు. "మీకు తెల్వదా సార్? వేరే కులపాయన దోస్తు ఎవలన్న ఉంటే ఆయన పేరు మీద కిరాయినామా రాయించుండ్రి. నెలకు రెండువేలు ఆయన చేతుల పెడితే సరిపాయె. బోర్డు మీద దేవుని పేరు పెట్టుండ్రి, ఎవ్వలడగరు. మీరు లోపల వండుకోండ్రి. గల్లా మీద ఆయన దిక్కు పిలగాన్ని కూసోబెట్టుండ్రి." ఆ కాలనీలనే ఇద్దరు మావాళ్ళు అట్ల నడుపుకుంటున్నరని కూడ చెప్పిండు. మంచి మనిషే. మా మేలు కోరే చెప్పిండు.

మడిగె కిరాయి పద్దెనిమిది వేలు. పేరు కిరాయి రెండువేలు. ఏ ఖాతా పుస్తకంలోనూ ఎక్కని ఈ రెండువేల లెక్క రాయడానికే నేను ఈ వ్యాసం మొదలుపెట్టిన. రిజర్వేషన్లు తిని బలిసిన్రని మమ్మల్ని అనేటోళ్ళు ఈ లెక్క కూడ చూడాలె. యేటికి ఇరవైనాలుగు వేలు. వ్యాపారం మీద కాదు, లాభం మీద కాదు, పుట్టుక మీద పన్ను. ఈ పన్నుకు రసీదు లేదు, మాఫీ లేదు.

ఆ రాత్రి మా ఇంట్ల లొల్లి అయింది. నేను వద్దన్న. తమ్ముడు ఒప్పుకుందామన్నడు. "అన్నా, నీకు ఒకటో తారీకు జీతం పడ్తది. నీ ఆత్మగౌరవానికి కిరాయి లేదు. నా ఆత్మగౌరవానికి నెలకు ఇరవై వేలు కావాలె. ఇద్దరు పిల్లలున్నరు నాకు" అన్నడు. ఈ మాటను పత్రికలల్ల ఆత్మగౌరవం గురించి రాసే మనమందరం ఒకసారి వినాలె. వాడు పిరికోడై అనలేదు, లెక్క తెలిసి అన్నడు. లొల్లి తెంపింది మా మరదలు. "గల్లా మీద ఇంకోన్ని కూసోబెడితే ఇగ నేనెందుకు? నేను వండిన కూర కాడికి నేనే దొంగోలె పోవాల్నా?" అన్నది. పదో తరగతి తప్పిన మనిషి అన్న మాట ఇది.

ఆఖరికి కాలనీ వెనక సందుల ఒక ముసల్మాను పెద్దమనిషి చిన్న షెటరు ఇచ్చిండు. మా కులం అడగలేదు. ఆయన కొడుక్కు ఆ కాలనీల ఇల్లు కిరాయికి దొరకక తిరిగి తిరిగి వెనక్కి వచ్చిన్రట. దెబ్బ తిన్నోనికి దెబ్బ ఎరుక. బోర్డు మీద మా అవ్వ పేరు రాయించినం. సందులకు నడిచొచ్చి కొనేటోళ్ళు తక్కువ. బేరం మేము అనుకున్నదాంట్ల సగం లేదు. కొంత ఫోన్ యాపుల మీద పోతది. యాప్ పిలగాడు వచ్చి పార్శిల్ పట్టుకొని అదే కాలనీకి, ఆ కాంప్లెక్సు ఎదురిండ్లకే ఉరుకుతడు. దాంట్ల యాపోడు పెద్ద ముక్క కోసుకుంటడు. మా కూర ఆ గేట్లు దాటుతది. మేము దాటొద్దు.

ఇది ఒక్క ఇంటి ముచ్చట అయితే రాయకపోదును. దీని వెనక ఒక పద్ధతి ఉన్నది. మా నాయిన చిన్నప్పుడు ఊరి దుకాణం కాడ మావాళ్ళు అరుగు కింద నిలబడేటోళ్ళు. పైసలు కింద పెట్టాలె, సేటు నీళ్ళు చల్లి తీసుకునేటోడు. ఉప్పు, బెల్లం పైనుంచి కొంగుల పడేసేటోడు. పట్నంల అట్ల కాదు. సూపర్ మార్కెట్టులకు నేను పోతే తలుపు తీసి 'రండి సార్' అంటరు. క్యూఆర్ కోడు మీద ఫోను పెడితే పైసలు పోతయి. చేయికి చేయి తగలదు, నీళ్ళు చల్లే పనే లేదు. కొనేటోనికి అంటు పోయింది. ఎందుకు పోయింది? నా జీతం వాళ్ళకు కావాలె గనుక. అదే అరుగు ఎక్కి, గల్లాపెట్టె వెనక కూసుంటనని అడుగుండ్రి. నిద్రపోయినట్టున్న అంటు లేచి నిలబడ్తది. ఊర్లె అంటు కొనేటోనికి. పట్నంల అంటు అమ్మేటోనికి. మార్కెట్టు కులాన్ని చంపలేదు. గల్లాపెట్టెకు ఇవతల ఉన్నదాన్ని అవతలికి జరిపింది.

ఆ కాంప్లెక్సులకు మావాళ్ళు పోరా అంటే రోజూ పోతరు. తెల్లారకముందే పోయి మెట్లు కడుగుతరు. సెప్టిక్ ట్యాంకు నిండితే మూత ఎత్తేది మావాళ్ళే. లిఫ్టు కింద గదిల సంసారం చేసేది వాచ్‌మన్. ఆ గోడలకు ఇటుక మోసిన కూలీలల్ల మా వాడ ఆడోళ్ళున్నరు. చీపురు పట్టుకొని వస్తే మాకు ప్రతి షెటరు లోపలికి దారి ఉన్నది. తాళంచెవి పట్టుకొని వస్తే లేదు.

ఇది ఇయ్యాలటి సంగతి కూడ కాదు. అమెరికాల, లండన్‌ల చదివొచ్చిన అంబేద్కర్ బరోడా సంస్థానంల కొలువుకు పోయినప్పుడు ఉండనీకె గది దొరకలేదు. పార్సీల సత్రం ఒకటి ఉంటే, రిజిస్టరుల పార్సీ పేరు రాసుకొని అందుల దిగవలసి వచ్చింది. పదకొండోనాడు కర్రలు పట్టుకున్న పార్సీలు ఒక గుంపుగ వచ్చి నువ్వెవడివని నిలదీసిన్రు. పొద్దుగూకేవరకు ఖాళీ చేయమన్నరు. దోస్తులు కూడ ఇంట్ల పెట్టుకోలేదు. తోటల కూసొని, రాత్రి రైలుకు బొంబాయి తిరిగిపోయిండు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నడు. తర్వాత బొంబాయిల షేర్ల మీద సలహాలిచ్చే వ్యాపారం పెట్టుకుంటే, సలహా చెప్పేది అంటరానోడని తెలిసి గిరాకీ ఆగిపోయింది, మూసేసిండు. మన బ్రోకరు చెప్పిన ఉపాయం, మన ఓనర్లు చెప్పే సాకు, రెండూ ఆయన బతుకులనే ఉన్నయి. నూరేండ్లు దాటింది. అప్పటి సత్రం రిజిస్టరు ఇయ్యాల కిరాయినామా అయింది.

బరోడాల గది దొరకని ఆ మనిషే రాజ్యాంగంల దుకాణం అన్న మాట రాయించిండు. పదిహేనో అధికరణం రెండో భాగం చూడుండ్రి. కులాన్ని బట్టి ఎవరినీ దుకాణాలకు, హోటళ్ళకు రాకుండ ఆపొద్దని ఉన్నది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభల ఈ దుకాణమంటే ఏందని అడిగితే, అది లోపల అడుగు పెట్టనిచ్చుడు ఒక్కటే కాదు, షరతులకు ఒప్పుకున్నోనికి ఆ సేవ ఇయ్యాలె అనే పెద్ద అర్థంల వాడినమని అంబేద్కర్ విడమరిచిండు. 2011ల ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసుల సుప్రీంకోర్టు ఆ పెద్ద అర్థాన్నే పట్టుకొని ప్రైవేటు విద్యాసంస్థలు కూడ ఆ మాట కిందికి వస్తయన్నది. అట్లయితే నేను అడుగుత: మడిగెలు కట్టి, బోర్డు పెట్టి, ఎస్సెఫ్టీకి ఇంత అని ధరగట్టి కిరాయికి ఇచ్చుడు మాత్రం దుకాణం కాదా? కూర అమ్మేది దుకాణమైతే జాగ అమ్మేది కూడ దుకాణమే.

చట్టాలు లేవా అంటే ఉన్నయి. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్, అంటరానితనం పేరుతో వృత్తి, వ్యాపారం చేయకుండ అడ్డుకుంటే శిక్ష అన్నది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015ల వచ్చిన సవరణ ఇంకా ముందుకు పోయి, ఆర్థిక వెలిని నేరం చేసింది. వ్యాపార లావాదేవీ చేయననుడు ఆ వెలి అర్థంలనే ఉన్నది. మరి మేమెందుకు కేసు పెట్టలేదు? ఏమని పెట్టాలె? ఆగ్నేయం మీద పెట్టాల్నా? ఎత్తని ఫోను మీద పెట్టాల్నా? చుండూరుల ఆడిన నోరు, లేచిన చేయి కనబడ్తయి. కాలనీల కులం నోరు తెరువదు, చేయి ఎత్తదు. తెల్ల కవరుల టోకెన్ వాపసు పంపుతది.

చుండూరు ఎందుకు తెచ్చిన అంటే, ఆడ కూడ మొదలు బజారులనే. 1991ల సినిమా హాలుల ఒక దళిత యువకుని కాలు ముందు సీట్లో కూసున్నోనికి తాకింది. టికెట్టు కొని కూసున్నోడే. ఆ కాలు తాకిన లొల్లి వెలిగా మారి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసేదాక పోయింది. టికెట్టుకు ఇద్దరూ ఇచ్చింది ఒకటే ధర. రూపాయికి కులం లేదనేటోళ్ళు ఆ సీటు కాడికి వచ్చి చెప్పాలె.

ఇగ వాదాలు. 'వాళ్ళ ఆస్తి, వాళ్ళిష్టం' అంటరు. 2005ల సుప్రీంకోర్టు కూడ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసుల, సొసైటీ తన సభ్యత్వాన్ని తనవాళ్ళకే పరిమితం చేసుకోవచ్చన్నది. ఆ తీర్పు ఎవరికి పనికొచ్చిందో మనకెరుకే. కాని షాపింగ్ కాంప్లెక్సు ఎవని పడకగది కాదు. దాని ముందు రోడ్డు మున్సిపాలిటీది. బండ్లు నిలిపే జాగ మనందరిది. నల్లా నీళ్ళు, కరెంటు తీగ, వ్యాపార లైసెన్సు అన్నీ సర్కారువి. లాభం కాడ నలుగురిది, కిరాయి కాడ నాది అంటే చెల్లదు.

'ఇది కులం కాదు, తిండి పట్టింపు' అంటరు. కంపెనీ కోడి కమ్మగ ఉన్నప్పుడు మా కోడి ఎందుకు కంపు కొట్టింది? తేడా కోడిల లేదు. వండే చేతుల ఉన్నది.

'నీకు స్థోమత చాలలేదు, కులం మీదికి నెడుతున్నవు' అంటరు. మూడోనాడు వాపసు వచ్చింది మా టోకెన్. స్థోమత లేనోని టోకెన్ మొదటినాడే ఎందుకు తీసుకున్నరు? సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీల, దాని చుట్టుపక్కల పట్నాలల్ల ఇండ్ల కిరాయిల మీద ఒక పరీక్ష చేసి 2015ల అచ్చేసింది. పేర్లు మార్చి ఫోన్లు చేయించిన్రు. దళితుల పేరు, ముసల్మాన్ల పేరు చెప్పినోళ్ళకు పెద్దకులాల పేరు చెప్పినోళ్ళకంటే ఎక్కువ 'లేదు' వచ్చింది. ఫోన్‌ల స్థోమత కనబడదు. పేరొక్కటే వినబడ్తది.

సర్కారు మమ్మల్ని వ్యాపారులను చేస్తనన్నది. తెలంగాణల 2021ల దళితబంధు వచ్చింది. వాసాలమర్రిల, హుజూరాబాద్‌ల ఇంటికి పది లక్షలు ఇచ్చిన్రు. చానమంది కార్లు, ట్రాక్టర్లు, ఆటోలు కొనుక్కున్నరు. దాని మీద నవ్వినోళ్ళున్నరు. మాదిగోనికి పైసలిస్తే కారు కొన్నడని ఎక్కిరించిన్రు. బండే ఎందుకు కొన్నరో ఎవడన్న ఆలోచించిండా? బండికి ఓనరు అక్కర్లేదు. బండికి ఇంటిపేరు అడగరు. బండికి ఆగ్నేయం లేదు. రోడ్డు మీద తిరిగేదాన్ని ఎవడూ ఖాళీ చేయమనడు. నిలబడి వ్యాపారం చేసే జాగ లేనోడు తిరుగుతూ చేసే వ్యాపారం ఎంచుకున్నడు. నాకు కనబడ్డది ఇది. సర్కారు పది లక్షలు ఇయ్యగలిగింది. పది అడుగుల షెటరు ఇప్పియ్యలేకపోయింది.

అదే 2021ల మద్యం దుకాణాలల్ల నూటికి పది మాకని రిజర్వు చేసిన్రు. మాకు రాసిచ్చిన మడిగె బ్రాందీది అయితే చాలనుకున్నరేమో. అందుల కూడ లైసెన్సు మావోని పేరు మీద, పెట్టుబడి, గల్లాపెట్టె వేరేటోని చేతుల ఉంటయన్న మాట ఊరూరా వినబడ్తది. లెక్క ఎంత అందంగ కుదిరిందో చూడుండ్రి. కోటా ఉన్నకాడ మా పేరును మంది కిరాయికి తీసుకుంటరు. కోటా లేనికాడ మంది పేరును మేము కిరాయికి తెచ్చుకోవాలె. రెండుకాడలా గల్లా మీద కూసునేటోడు మాత్రం వాడే.

మన విప్లవ మిత్రులతోని కూడ ఒక మాట. దుకాణం పెట్టుకునుడు చిల్లర ఆశ అని, పెటీ బూర్జువా బుద్ధి అని నాకు చెప్పినోళ్ళున్నరు. వాళ్ళల్ల కొందరి నాయినలకు మడిగెలున్నయి. వాటి కిరాయిల మీద చదివే వాళ్ళు మార్క్స్‌ను చదివిన్రు. మాకు డప్పు ఇచ్చిన్రు, జెండా కర్ర ఇచ్చిన్రు, అమరుల స్తూపం మీద పేరు ఇచ్చిన్రు. గల్లాపెట్టె ముందర మాత్రం త్యాగం నేర్పుతున్నరు. ఉన్నోడు వదులుకుంటే త్యాగం. లేనోన్ని వదులుకోమంటే మోసం.

మనవాళ్ళను కూడ వదలను. మాలలల్ల, మాదిగలల్ల కొలువులు చేసి నాలుగు పైసలు కూడబెట్టి ఇయ్యాల షెటర్లు కట్టిస్తున్నోళ్ళున్నరు. ఆ షెటర్లు ఎవరికి ఇస్తున్నరు? మనోనికిస్తే కాంప్లెక్సుకు పేరు పోతదని భయపడేటోళ్ళను నేను చూసిన. ఓనరు కులం కంటే కిరాయిదారు కులం ఎక్కడ బయటపడ్తదోనని వాళ్ళ భయం. మనం కట్టిన గడపల కూడ మడి కూసుంటే ఇగ కొట్లాట ఎవనితోని?

నేను అడిగేవి ఆకాశంల చుక్కలు కావు. మున్సిపాలిటీలు, ఆర్టీసీ, మార్కెట్ కమిటీలు కట్టే మడిగెలల్ల మా వాటా మాకియ్యాలె. వెనక మెట్ల కిందిది కాదు, రోడ్డు ముఖం ఉన్నది ఇయ్యాలె. తీసుకున్నోడే గల్లా మీద కూసుంటున్నడో లేదో యేటా చూడాలె. ప్రైవేటు కాంప్లెక్సుకు అనుమతి ఇచ్చేటప్పుడే, ఖాళీ మడిగెల కిరాయి, షరతులు బయట రాసిపెట్టాలని, ఇయ్యననేటోడు ఎందుకియ్యడో కాయితం మీద రాసియ్యాలని షరతు పెట్టాలె. పదకొండు నెలల మాయ మాని, కనీసం మూడేండ్లకు రిజిస్టరయిన కిరాయినామా ఇయ్యాలె. స్వయం ఉపాధి అని రుణమిచ్చే కార్పొరేషన్, రుణంతోపాటు అడ్వాన్సుకు తానే జామీను నిలబడాలె. పొయ్యి కొనుక్కొమ్మని పైసలిచ్చి, పొయ్యి పెట్టే జాగ చూపకపోవుడు ఉపాధి కాదు, ఎగతాళి.

చదువుకునే తమ్ములారా, చెల్లెళ్ళారా! మీరు రేపు కంప్యూటర్ సెంటరుకో, క్లినిక్కుకో, వకీలు ఆఫీసుకో టులెట్ బోర్డు ముందర నిలబడ్తరు. ఇంటిపేరు అడుగుతరు. ఊరు అడుగుతరు. ఊర్లె ఇల్లు ఏ దిక్కని అడుగుతరు. దాచకుండ్రి. ఇయ్యనంటే ఎందుకియ్యవో రాసియ్యమనుండ్రి. పక్కన ఇద్దరు సాక్షులను పెట్టుకోండ్రి. ఫోన్‌ల మాట రికార్డు చేయుండ్రి. ఒక్కొక్కరం అవమానాన్ని మింగి ఇంటికి పోతే అది మన సొంత కడుపునొప్పి. పదిమంది కాయితాలు ఒక్కచోట పెడితే అది కేసు, అది కొట్లాట.

ఇరుకు సందులైనా, కాలనీ నడుమైనా, మడిగెకు కిరాయి కడ్తం. ఒకటో తారీకు తప్పకుండ కడ్తం. పేరుకు మాత్రం కట్టం.